ఏ ఉల్లంకి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. ఒక జనవరి ఉదయం ఆ రోడ్డు పక్కన, నీరు వెనక్కి తగ్గిన బురదలో తిరుగుతున్న ఒక చిన్న పిట్టను ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. పిచ్చుకంత ఉంటుంది. వీపు బూడిద కలిసిన గోధుమ రంగు, పొట్ట తెలుపు, ముక్కు నలుపు. కాళ్లు కూడా నలుపే అనిపించాయి. పక్కనే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు గమనించి అడిగాడు:

“ఏంది సార్, అంతసేపు ఆ ఒక్క పిట్టనే చూస్తా ఉండారు?”

“పేరు తేలడం లేదు పెద్దాయనా.”

“ఉల్లంకే కదా సార్.”

“ఉల్లంకే. ఏ ఉల్లంకో తెలియాలి.”

“ఏదైతే ఏంది సార్? చలికాలం వస్తాది, ఎండలు ముదిరితే పోతాది.”

ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను ఏదో చెప్పాను కానీ అది జవాబు కాదని చెబుతున్నప్పుడే తెలిసింది. ఆ పిట్ట గురించి ఆయనకు తెలిసింది తక్కువేమీ కాదు. అది ఏ నెలలో దిగుతుందో, ఏ నీటిలో నిలుస్తుందో, ఎప్పుడు వెళ్లిపోతుందో ఆయనకు తెలుసు. ఆ తెలివికి ఇంకొక పేరు చేర్చితే ఆయన బతుకులో ఏం మారుతుంది? మరి ఆ పేరు కోసం రాత్రి పొద్దుపోయేదాకా ఫొటోలు పెద్దవి చేసి చూసుకునే మనకు ఉన్న కారణం ఏమిటి? అది మంచి కారణమేనా, లేక లెక్కలో ఒక పేరు పెంచుకోవాలన్న ఆశ మాత్రమేనా? ఈ ప్రశ్నను పక్కన పెట్టి ముందుకు పోవడం న్యాయం కాదనిపిస్తుంది.

ముందు ఆ చిక్కు ఏమిటో చూద్దాం. మన తీరానికి చలికాలంలో వచ్చే చిన్న ఉల్లంకులను పక్షులు చూసేవాళ్లు స్టింట్లు అంటారు. లిటిల్ స్టింట్ ఆర్కిటిక్ తీరాల నుంచి వస్తుంది, మన దగ్గర ఎక్కువగా కనిపించేది అదే. రెడ్-నెక్డ్ స్టింట్ సైబీరియా ఈశాన్యపు కొసన గుడ్లు పెట్టి, ఎక్కువగా ఆగ్నేయాసియాకూ ఆస్ట్రేలియాకూ పోతుంది. మన తూర్పు తీరంలో కొద్దిగా కనిపిస్తుంది. వేసవిలో దాని మెడ ఇటుక రంగు తిరుగుతుంది కనుక అప్పుడు ఇబ్బంది తక్కువ. చలికాలంలో రెండూ బూడిద బట్ట కట్టుకుంటాయి. మొదటిదాని కాళ్లు రవ్వంత పొడవు, ముక్కు కొస రవ్వంత సన్నం. రెండోదాని ఒళ్లు కాస్త సాగినట్టుంటుంది, కాళ్లు కాస్త పొట్టి. టెమింక్స్ స్టింట్, లాంగ్-టోడ్ స్టింట్ అనే మరో రెండింటి కాళ్లు పసుపు పచ్చగా ఉంటాయి కనుక అవి వేరని పుస్తకం చెబుతుంది. అయితే బురదలో నడిచిన పిట్ట కాళ్లకు బురద రంగే ఉంటుందని కూడా అనుభవం చెబుతుంది.

ఫొటో ఈ చిక్కును తీరుస్తుందని మనం నమ్ముతాం. పిట్ట ఎగిరిపోతుంది, ఫొటో నిలబడుతుంది. ఎన్నిసార్లయినా చూడవచ్చు, పెద్దది చేయవచ్చు, మరొకరికి చూపవచ్చు. ఇది నిజమైన మేలే. పూర్వం పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, గడ్డి కూరి, పెట్టెలో దాచి గాని తేల్చలేకపోయిన సంగతులను ఇవాళ దాని జోలికి పోకుండా తేలుస్తున్నాం. నరుడి తెలివి ఇంకొక ప్రాణి ఖర్చు మీద పెరగనవసరం లేదని రుజువు చేసిన కొద్ది పనుల్లో ఇది ఒకటి. దీన్ని తేలికగా తీసుకోలేం.

అయినా ఫొటోలో ఏముందో, ఏం లేదో విడదీసి చూడాలి. అందులో పరిమాణం లేదు. పక్కన మరో పిట్ట లేకపోతే పిచ్చుకంత పిట్టా పావురమంత పిట్టా ఒకటే. గొంతు లేదు. టెమింక్స్ స్టింట్ లేచేటప్పుడు గిలకలా గలగలమని అరుస్తుంది, ఆ ఒక్క అరుపుతో సగం తగాదా తీరిపోతుంది. నడక లేదు. ఒక పిట్ట నేలను వేగంగా పొడుస్తూ పోతుంది, మరొకటి వంగి మెల్లగా పాకినట్టు నడుస్తుంది, ఆ తీరు చూసినవాళ్లు ముక్కు కొలవకుండానే పేరు చెబుతారు. ఇక వెలుగు. ఉదయపు ఎండలో తీసిన బూడిద రంగు గోధుమగా మారుతుంది. పిట్ట తల కాస్త ఇటు తిప్పితే ముక్కు పొట్టిదవుతుంది. అంటే సెకనులో వెయ్యో వంతు కాలంలో, ఒక దిక్కు నుంచి, ఒక వెలుగులో ఒక ప్రాణి ఎలా ఉందో చెప్పే సాక్ష్యం ఫొటో. అబద్ధం చెప్పదు, అడగని సంగతీ చెప్పదు.

ఈ స్థితిని మన న్యాయశాస్త్రకారులు, అంటే న్యాయదర్శనపు తార్కికులు, చాలా కాలం కిందటే పరీక్షించారు. మునిమాపువేళ దూరాన నిలబడినది మోడా మనిషా అన్న సందేహం వాళ్లకు ఇష్టమైన ఉదాహరణ. ఆ సందేహం ఎలా పుడుతుందని అడిగి, వాళ్లు ఇచ్చిన వివరణ గొప్పది. రెంటికీ సమానమైన లక్షణాలు, ఎత్తూ లావూ కనిపిస్తున్నాయి. ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీసే విశేష లక్షణం, అంటే చేతులో కొమ్మలో, కనిపించడం లేదు. ఆ విశేషాన్ని తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఉంది. ఇవి కలిసినచోట సందేహం పుడుతుంది. కనుక సందేహం అజ్ఞానం కాదు. ఏమీ చూడనివాడికి సందేహం రాదు. మోడునూ మనిషినీ ఎరిగి, ఈ ఆకారాన్ని శ్రద్ధగా చూసినవాడికే అది వస్తుంది. పులికాట్‌లో ఆ పెద్దాయనకు సందేహం లేదు, నాకు ఉంది. అంతమాత్రాన నాకు ఎక్కువ తెలుసని కాదు, నాకు రెండు పేర్లు తెలుసు కనుక రెండింటి మధ్య ఇరుక్కున్నానని.

వాళ్లే చెప్పిన మరొక ఉదాహరణ కూడా ఇక్కడ పనికొస్తుంది. గవయం అనే అడవి జంతువును ఎన్నడూ చూడని నగరవాసికి, అది ఆవులా ఉంటుందని అడవి ఎరిగినవాడు చెబుతాడు. తరువాత ఆ నగరవాసి అడవిలో ఆవులాంటి జంతువును చూసి, గవయం అంటే ఇదేనని గుర్తిస్తాడు. దీన్ని ఉపమానమన్నారు, కంటితో చూసే ప్రత్యక్షం నుంచీ, గుర్తును బట్టి ఊహించే అనుమానం నుంచీ వేరైన ప్రమాణమని వాదించారు. పక్షుల పుస్తకం చేతబట్టుకుని చెరువుగట్టున నిలబడిన ప్రతివాడూ ఆ నగరవాసే. కాని మన చిక్కు ఆయన చిక్కు కంటే ఒక మెట్టు ఎక్కువ. ఆయన అడవిలో ఆవులాంటిది ఒక్కటే ఉంది. మన బురదలో ఆవులాంటివి నాలుగున్నాయి. పోలిక దారి చూపుతుంది, గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి తీసుకుపోదు. అక్కడి నుంచి భేదాన్ని పట్టుకుని నడవాలి. తెల్లనివన్నీ పాలు కావని సామెత చెప్పి ఊరుకుంటుంది. పాలు కానిదాన్ని ఎలా పోల్చుకోవాలో చెరువులో నిలబడిన మూడు తెల్ల కొంగలు నేర్పుతాయి. పెద్ద తెల్ల కొంగకు నోటి చీలిక గీత కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్య రకం కొంగకు కన్ను కిందే ఆగిపోతుంది, చిన్నదానికి నల్ల కాళ్ల చివర పసుపు పాదాలుంటాయి. ఒక గీత ఎక్కడ ఆగిందో చూడటం కోసం అరగంట నిలబడటాన్ని వ్యర్థమని నేను అనలేను. ఆ అరగంటలో కొంగజపం అనే మాట కూడా మనసులో వదులైపోతుంది. ఆకలితో కదలకుండా నిలబడిన ప్రాణికి మనం అంటగట్టిన కపటం అది.

ఇంతవరకూ కన్ను సంగతి. అసలు ప్రమాదం కన్నులో లేదనుకుంటాను. అది కోరికలో ఉంది.

స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్ అని ఒక చిన్న ఉల్లంకి ఉంది. ముక్కు చివర చిన్న గరిటెలా వెడల్పుగా ఉంటుంది. రష్యా ఈశాన్యాన చుకోట్కా తీరంలో గూళ్లు పెడుతుంది, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్ తీరాల్లో చలికాలం గడుపుతుంది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలకు మించి మిగల్లేదని అంచనా. భారత తీరంలోనూ పూర్వం అరుదుగా నమోదైంది. ఇంత వింత ముక్కున్న పిట్టను పొరబడే వీలే లేదనిపిస్తుంది. తీరా చూస్తే, పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ గరిటె కనిపించదు, మామూలు ముక్కులాగే ఉంటుంది. మరోవైపు, మామూలు స్టింట్ ముక్కు చివర బురద ముద్ద అంటుకుంటే అచ్చం గరిటెలా కనిపిస్తుంది. ఉన్నది కనబడని ఫొటో ఒకటి, లేనిది కనబడే ఫొటో ఒకటి. ఈ రెంటి మధ్య నిలబడినవాడి మనసు ఎటు మొగ్గుతుందో మనకు తెలుసు. అరుదైన పిట్ట కావాలని కోరుకునే మనసు బురదను గరిటెగా చూస్తుంది. అలా చూస్తున్నప్పుడు తాను అబద్ధమాడుతున్నానని దానికి తెలియదు. అందుకే దీన్ని మోసమనలేం, అయినా ఇందులో మన బాధ్యత లేదనీ అనలేం.

ఈ బాధ్యత ఎంత బరువైనదో సన్నముక్కు కర్లూ కథ చెబుతుంది. కర్లూలంటే పొడవాటి కాళ్లు, కిందికి వంగిన పొడవాటి ముక్కు ఉన్న పెద్ద ఉల్లంకులు. వాటిలో ఒకటైన యురేషియన్ కర్లూ మన తీరానికీ వస్తుంది. సన్నముక్కు కర్లూ దానికంటే చిన్నది, తెల్లనిది, ముక్కు కొస మరీ సన్నం, డొక్కల మీద గుండ్రని నల్ల చుక్కలు. ఒకప్పుడు పశ్చిమ సైబీరియా వైపు నుంచి మధ్యధరా తీరం దాకా వలస వచ్చేది. దాని గూళ్లను 20వ శతాబ్దం మొదట్లో సైబీరియాలోని తారా పట్టణం దగ్గర ఉషకోవ్ అనే రష్యన్ ప్రకృతి పరిశీలకుడు మాత్రమే చూశాడు, 1909 నుంచి 1925 లోపల. ఆ తరువాత ఎవరికీ గూడు దొరకలేదు. జనం ఎక్కువగా ఆ చోటు చుట్టూ వెతికారు. చాలాకాలం తరువాత మ్యూజియాల్లోని పాత ఈకలను రసాయనికంగా పరీక్షిస్తే, అది ఎక్కువగా గుడ్లు పెట్టిన నేల ఇంకా దక్షిణాన, కజకస్తాన్ స్టెప్పీలలో ఉండి ఉండవచ్చని తేలింది. ఒక మనిషి చూసిన చోటే అసలు చోటనుకోవడం కూడా పోలికను ప్రమాణంగా తీసుకోవడమే.

మొరాకోలో మెర్జా జెర్గా అనే ఉప్పునీటి కయ్య దగ్గర కొన్నేళ్లపాటు కొద్ది పక్షులు చలికాలం గడిపాయి. 1995 ఫిబ్రవరిలో అక్కడ ఒక్కటి మిగిలింది. అందరూ ఒప్పుకున్న చివరి ఫొటో అక్కడిదే. ఆ తరువాత ఎక్కడ చిన్న కర్లూ కనిపించినా గుండెలు కొట్టుకున్నాయి. 1998 మేలో ఇంగ్లండ్‌లోని నార్తంబర్‌లాండ్ తీరాన డ్రురిడ్జ్ బే దగ్గర ఒక కర్లూను చాలామంది చూశారు, ఫొటోలు తీశారు, వీడియో తీశారు. అది సన్నముక్కు కర్లూయేనని నిపుణుల కమిటీ అంగీకరించింది, బ్రిటన్ పక్షుల జాబితాలో దాని పేరు చేరింది. ఏళ్లు గడిచాక అవే ఫొటోలను, అదే వీడియోను కొత్తగా పరిశీలించి, అది ఆ జాతి అని నమ్మడానికి ఆధారం చాలదని తేల్చి, పేరు తీసివేశారు. పిట్ట మారలేదు, ఫొటో మారలేదు. లేత వయసు యురేషియన్ కర్లూలలో కొన్ని ఎంత చిన్నవిగా, ఎంత పొట్టి ముక్కుతో ఉండగలవో ఈలోపు జనానికి ఎక్కువ తెలిసింది.

ఆ తీసివేతను నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆనాడు అక్కడ నిలబడి కళ్లారా చూసినవాళ్లు అబద్ధీకులు కారు, అమాయకులూ కారు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు. వాళ్లు కోరుకున్నది కీర్తి మాత్రమే అయి ఉండదు. అంతరించిపోతున్న ఒక ప్రాణి ఇంకా ఉందన్న కబురును ఎవరు వద్దంటారు? మంచి కోరిక కూడా కంటికి పొర కాగలదని ఒప్పుకోవడం కష్టమైన పని. తాము ఒకసారి అవునన్నదాన్ని, ఎవరూ బలవంతపెట్టకుండా, సాక్ష్యం కోసం కాదనగలిగిన ఆ సంఘం చేసిన పనిలో నాకు పెద్ద ధైర్యం కనిపిస్తుంది. 2024లో పరిశోధకులు ఉన్న ఆధారాలన్నీ కూడదీసి, ఆ జాతి ఇక లేనట్టేనని తేల్చారు. 2025లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించినదిగా ప్రకటించింది. వేట, తడినేలలను ఎండగట్టి సాగులోకి తేవడం కారణాలని భావిస్తారు. పైపైన చూస్తే మామూలు కర్లూలానే ఉండటం వల్ల అది తగ్గిపోతున్న సంగతి గమనించడంలోనూ ఆలస్యమైంది. పోలిక ఒక జాతి చావును మన కంటి నుంచి కప్పి ఉంచింది. “ఏదైతే ఏంది” అన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి నిజమైన జవాబు ఇది.

అయితే ఇక్కడే ఆగితే సగమే చెప్పినవాళ్లమవుతాం. ఆధారం లేనిదే నమ్మరాదన్న నియమం కూడా పరీక్షకు నిలబడాలి కదా. మన కడప జిల్లా కలివికోడిని తలుచుకుందాం. అది నీటి పిట్ట కాదు, పొదల మధ్య ఎర్రనేల మీద తిరిగే పిట్ట. కాని తీతువులతో, ఉల్లంకులతో ఒకే పెద్ద కుదురుకు చెందినది. 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900 తరువాత ఎవరూ నమోదు చేయలేదు. పోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ లంకమల దగ్గర దాని ఉనికిని మళ్లీ లోకానికి తెలియజేశారు. దారి చూపింది స్థానిక వేటగాళ్ల తెలివి. పుస్తకాల్లో చచ్చిపోయిన ఆ ఎనభై ఆరేళ్లూ అక్కడివాళ్ల నోట దానికి పేరుంది. పట్టణంలో కూర్చుని “ఆధారం లేదు” అన్నవాళ్లు అనవలసిన మాట వేరు: ఆధారం ఉన్నవాళ్లను మేము అడగలేదు.

నైజెల్ కాలర్ అనే పక్షి శాస్త్రవేత్త ఇలాంటిదానికి 1998లో రోమియో పొరపాటు అని పేరు పెట్టాడు. నిద్రపోతున్న జూలియట్‌ను చచ్చిపోయిందనుకుని రోమియో ప్రాణం తీసుకున్నట్టు, బతికే ఉన్న జాతిని పోయిందనుకుని మనం కాపాడే ప్రయత్నం మానుకుంటే, ఆ మానుకోవడమే దాన్ని చంపుతుంది.

అంటే మన ముందు రెండు పొరపాట్లున్నాయి. లేనిదాన్ని ఉందనడం, ఉన్నదాన్ని లేదనడం. 1877లో క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త, చాలినంత ఆధారం లేకుండా నమ్మడం ఎవరికైనా, ఎప్పుడైనా తప్పేనని వాదించాడు. తన పాత ఓడ గట్టిదేనని తనను తాను నమ్మించుకుని జనాన్ని సముద్రంలోకి పంపిన యజమాని ఆయన ఉదాహరణ. ఆ ఓడ క్షేమంగా తిరిగి వచ్చినా యజమాని దోషం పోదంటాడు. ఇరవై ఏళ్లలోపే అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ దానికి బదులిచ్చాడు. తప్పును తప్పించుకోవడం, నిజాన్ని అందుకోవడం ఒకటే పని కాదు, మొదటిదానికే అంకితమైనవాడు రెండోదాన్ని పోగొట్టుకోవచ్చన్నాడు. నేను వయసులో ఉన్నప్పుడు క్లిఫర్డ్ పక్షాన గట్టిగా నిలబడ్డాను. ఇప్పుడూ, ఫొటోకు పేరు పెట్టే విషయంలో, ఆయన పక్షమే. కాని ఆ పేరు మీద ఆధారపడి ఒక చెరువును కాపాడాలా వదిలేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు జేమ్స్ మాట చెవిలో మోగుతుంది. ఇద్దరినీ కలిపే దారి ఒకటి ఉందనుకుంటాను. పేరు విషయంలో కఠినంగా ఉండటం, ఆ పేరు తేలేదాకా వేచి ఉండకుండా నేలను కాపాడటం. నమ్మకానికి చాలని ఆధారం జాగ్రత్తకు చాలుతుంది. పొదలో కదిలింది కలివికోడి అని రాయడానికి ఫొటో కావాలి. ఆ పొదను కొట్టకుండా ఉండటానికి అది కలివికోడి కావచ్చునన్న మాట చాలు.

పేరు అక్కరలేని కాపలా సాధ్యమైతే పేరెందుకన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. లెక్కల సంగతి ఇక్కడ చూడాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతోంది. సామాన్యులే చెరువుగట్టున నిలబడి లెక్కిస్తారు. ఒక తడినేల అంతర్జాతీయంగా ముఖ్యమైనదని రామ్సర్ ఒప్పందం గుర్తించే కొలతల్లో ఒకటి, ఏదైనా ఒక జాతి పక్షుల సంఖ్యలో 1 శాతం అక్కడ ఉండటం. కొల్లేరు 2002 నుంచి రామ్సర్ జాబితాలో ఉంది. ఇప్పుడు ఆలోచించండి: అరుదైనదానికి 1 శాతమంటే కొద్ది పిట్టలే. వాటిని పొరపాటున సామాన్యమైనదాని లెక్కలో కలిపితే ఆ నేల విలువ కాగితం మీద పడిపోతుంది. సామాన్యమైనదాన్ని అరుదైనదిగా రాస్తే, ఆ జాతి క్షేమంగానే ఉందన్న తప్పు ఊరట పుడుతుంది. రాత్రి పూట ఒక గదిలో ఫొటో ముందు తీసుకున్న నిర్ణయం, దాన్ని తీసుకున్నవాడికి తెలియకుండానే, ఒక చెరువు దాకా నడిచిపోతుంది.

తేలనప్పుడు ఏం రాయాలి? పిన్-టెయిల్డ్ స్నైప్, స్విన్‌హోస్ స్నైప్ అని రెండు ఉల్లంకులున్నాయి. వరి మడుల్లో కాళ్లకింద నుంచి చివ్వున లేచిపోతాయి. నేల మీద రెండూ ఒకటే. తేడా తోకలో ఉంది. పిన్-టెయిల్డ్ స్నైప్‌కు తోక అంచు ఈకలు గుండుసూదుల్లా సన్నగా ఉంటాయి, మొత్తం ఈకలు సాధారణంగా 26 ఉంటాయి. రెండోదానికి సాధారణంగా 20. తోక విసనకర్రలా విప్పిన క్షణంలో ఫొటో పడితే లెక్కపెట్టవచ్చు, లేకపోతే లేదు. చలికాలంలో మన గుడ్డికొంగనూ చైనీస్ పాండ్ హెరాన్‌నూ విడదీయడం కూడా దాదాపు అసాధ్యమే. పక్షుల వివరాలు చేర్చే ఈబర్డ్‌లో ఇలాంటి చోట ఫలానాది లేదా ఫలానాది అని రాసే వీలుంచారు. ఆ “లేదా” అనే మాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. అది ఏమీ తెలియదనడం కాదు. ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు అని గీత గీసి చూపడం. తెలియనిదాని ఎల్లను ఇంత కచ్చితంగా చెప్పగలగడం మిగతా జీవితంలో మనకు ఎన్నిసార్లు చేతనవుతుంది? దేవుడి గురించి, చావు తరువాతి సంగతి గురించి మాట్లాడేటప్పుడు నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ ఎల్లను గబుక్కున దాటేస్తుంటాం. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. చూడకుండా రాసిన “లేదా”కూ, చూసి చూసి రాసిన “లేదా”కూ కాగితం మీద తేడా కనిపించదు. ఆ తేడా రాసినవాడికి మాత్రమే తెలుసు. మనస్సాక్షి అనే మాటకు ఇంతకంటే దగ్గరి అర్థం నాకు తెలియదు.

ఇప్పుడు ఫోన్‌లోని మెర్లిన్ లాంటి యాప్‌కు ఫొటో చూపితే క్షణంలో పేరు చెబుతుంది, ఎక్కువసార్లు సరిగ్గానే చెబుతుంది. దాన్ని వాడటంలో నాకు ఆక్షేపణ లేదు. ఇతరుల మాట మీద తెలుసుకోవడం కొత్తదీ కాదు, తక్కువదీ కాదు. దీన్ని శబ్దప్రమాణమన్న న్యాయశాస్త్రకారులు పెట్టిన షరతు మాత్రం గుర్తుంచుకోవాలి: చెప్పేవాడు సంగతి ఎరిగినవాడై ఉండాలి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడై ఉండాలి. యంత్రానికి మొదటిది కొంత ఉందేమో. రెండోది దానికి ఉందని గాని లేదని గాని అనడంలో అర్థం లేదు. కనుక ఆ కోరిక ఫోన్ పట్టుకున్నవాడి దగ్గరే ఉండాలి.

మనం ఇంత శ్రమపడి పెట్టే పేర్లు నిజంగా ప్రకృతిలో ఉన్నాయా అన్న సందేహం కూడా దాచిపెట్టరానిది. నిన్నమొన్నటి దాకా మన తీరంలో లెస్సర్ శాండ్ ప్లోవర్, గ్రేటర్ శాండ్ ప్లోవర్ అని రెండు చిన్న పిట్టలను పోల్చుకునేవాళ్లం. కాళ్ల పొడవు, ముక్కు పొడవు చూసి తగాదా పడేవాళ్లం. 2022లో వెలువడిన జన్యు పరిశోధన, లెస్సర్ అనుకున్నదానిలో టిబెట్ వైపు గుంపు, సైబీరియా వైపు గుంపు కంటే గ్రేటర్‌కే దగ్గర చుట్టమని చూపింది. దాంతో ఒక జాతి రెండయింది. మన కళ్లకు కవలల్లా కనిపించినవి దూరపు చుట్టాలు, వేరనుకున్నవి దగ్గరివి. అయితే పేర్లన్నీ మన కల్పనలేనా? అలా అనడం తొందరపాటు. పేరు మారింది, ఎందుకంటే పేరుకు లోబడని సంగతి ఒకటి బయట ఉంది. అంతా మన కల్పనే అయితే దిద్దుకోవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఇక్కడ ఒక పోలిక మనల్ని పిలుస్తుంది. పక్షులను తొందరపడి గుర్తించినట్టే మనుషులనూ ఒక్క చూపుతో గుర్తించేస్తాం, కాబట్టి ఇద్దరి విషయంలోనూ శ్రద్ధ కావాలి అని. ఆ దారిన పోవడానికి నాకు మనసొప్పడం లేదు. పక్షి ముందు “ఏ జాతి?” అని అడగడం తెలివికి మొదలు. మనిషి ముందు అదే మాటతో అదే ప్రశ్న అడగడం అన్యాయానికి మొదలు. మన భాషలో రెంటికీ ఒకే మాట ఉండటం ఎన్నో తరాల గాయాన్ని దాచుకుంది. ఇంటిపేరు చూసి, ఒంటి రంగు చూసి, ఊళ్లో ఇల్లు ఎటువైపుందో అడిగి మనిషిని పోల్చుకునే నేర్పు మనకు కావలసినంత ఉంది. ఆ నేర్పును ఇంకా సానబట్టడం కాదు, విడిచిపెట్టడమే కావాలి. పోల్చి గుర్తించడం అన్నిచోట్లా మంచి గుణం కాదు. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా అందులో భాగమే.

పక్షుల్లో కూడా ఏ ఒక్క పిట్టా జాతి పేరుతో తీరిపోదు కదా. తీతువు అరిస్తే చావు కబురని భయపడే ఇంట్లో పెరిగాను. రాత్రి తీతువు అరిచిందంటే మా నాయనమ్మ లేచి కూర్చునేది, దూరాన ఉన్నవాళ్లందరి పేర్లూ తలుచుకునేది. తీతువు నేల మీద గుడ్లు పెడుతుంది, నక్కో కుక్కో దగ్గరికి వస్తే అరుస్తుంది అని పెద్దయ్యాక తెలిసింది. ఆమె భయం కారణం విషయంలో తప్పు. కాని చీకట్లో అరుస్తున్నది పిల్లల కోసం భయపడుతున్న ఒక తల్లి అయినప్పుడు, దాన్ని విని తన పిల్లల కోసం లేచి కూర్చున్న ఇంకొక తల్లిని పూర్తిగా పొరబడిందని నేను అనలేకపోతున్నాను.

పులికాట్‌లో తీసిన ఫొటోలు పదకొండు. పదింటిలో పిట్ట ఉంది. కాళ్లు పొడవైనవేనని ఒక ఫొటో అంటుంది, ముక్కు మొద్దుగా ఉందని మరొకటి అంటుంది. మూడు రాత్రులు చూశాను. ఆ చోట, ఆ కాలంలో లిటిల్ స్టింట్ అయ్యే అవకాశమే ఎక్కువ, అది తెలుసు. అయినా ఎక్కువగా ఏది వస్తుందన్నది ఈ పిట్ట గురించిన సంగతి కాదు. లిటిల్ స్టింట్ లేదా రెడ్-నెక్డ్ స్టింట్, ఒకటి, అని రాసి తేదీ వేశాను. పదకొండో ఫొటోలో పిట్ట లేదు. బురద మీద మూడు వేళ్ల ముద్రలు నీటి అంచుదాకా వెళ్లి ఆగిపోయాయి. కింద మూలన ఆ పెద్దాయన వల కొస కనిపిస్తోంది. ఎండలు ముదిరేలోగా ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లి, ఆ రోజు అడిగినదానికి నాకు ఇంతవరకు దొరికింది చెప్పాలి. ఆయన ఏమంటాడో వినాలని ఉంది.